స్కీయాడని పెద్దలకు మంచుకొండలపై విడిది

వసంతమనగా మనకు వేపపూత, మామిడిపిందె, ఉగాదిపచ్చడి. ఆల్ప్సు పర్వతములలో మాత్రము ఆ దినములయందును మంచు పేరుకొనియే యుండును. అయినను ఎండ వెచ్చబడును, పగలు పొడుగగును. జనవరి చలికి వెరచువారు సైతము మార్చి నెలలో ఆ కొండలకు బోవుదురు. పిన్నలు కాళ్లకు స్కీలు బిగించుకొని మంచుపై జారి యాడుకొందురు. ఆ యాట యెరుగని పెద్దలు అంతవరకు ఏమి చేయవలెను?

ఈ ప్రశ్న ఇప్పుడు మన తెలుగు కుటుంబములకును వచ్చుచున్నది. జర్మనీ, స్విట్జర్లాండు మొదలగు దేశములలో ఉద్యోగములు చేయుచున్న కొడుకులును కూతుళ్లును తల్లిదండ్రులను రప్పించుకొని, సెలవులలో వారిని వెంటబెట్టుకొని కొండలకు బోవుచున్నారు. విడిదిని ఎన్నుకొను పని తరచుగా ఇల్లాలిపైననే పడును. ఆ పనిలో మేమొకమారు తప్పుచేసితిమి. దానివలన నేర్చుకొన్నది సోదరీమణులకు తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము మ్యూనిక్ నగరమున కాపురముండువారము. 2023 మార్చిలో మా అత్తగారును మామగారును మాయింట నున్నప్పుడు ఆరు దినముల ప్రయాణము పెట్టుకొంటిమి. జారుడుబాటలు ఎన్ని కిలోమీటర్లు, మంచు ఎన్నాళ్లు నిలుచును, కేబుల్ కార్లు ఎన్ని యున్నవి, ఈ మూడు సంగతులు మాత్రమే విచారించి, రెండువేల మీటర్లకు పైనున్న యొక విడిదిని కుదుర్చుకొంటిమి. తలుపు తీసినచో వాకిటనే జారుడుబాట! పిల్లల సంతోషమునకు మేర లేకపోయెను. కాని ఆ చోట వీధి యనునది లేదు, అంగడి లేదు, పది నిమిషములు నడచుటకు చదునైన దారి లేదు. వాకిటి మెట్లపై మంచు గడ్డకట్టి అద్దమువలె జారుచుండెను. మేము ఉదయము తొమ్మిదింటికి వెడలి సాయంకాలము నాలుగింటికి మరలివచ్చుచుంటిమి. "ఎట్లున్నది అత్తయ్యగారూ?" యని యడిగినచో, "మాకేం అమ్మాయీ, కిటికీలోంచి అన్నీ కనిపిస్తున్నాయిగా" అనుచుండిరి.

మూడవనాటి సాయంకాలము జంతికల డబ్బా తీసిచూడగా అడుగంటి యుండెను. అటుకుల సంచియు ఖాళీ. విచారింపగా తెలిసినదేమనగా, వారిరువురును మూడుదినములుగా మధ్యాహ్నము భోజనశాలకు దిగియుండలేదు. అచ్చటి పట్టికలోని భాష తెలియదు; ఏ పళ్లెములో మాంసము కలిసియుండునో యని భయము; అడుగుటకు బిడియము. "మీరు ఏడాదంతా కష్టపడి నాలుగు రోజులు ఆడుకోడానికొచ్చారు. ఇది చెప్పి మీ సరదా పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాం" అని అత్తగారనిరి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. విడిదిని ఆటాడువారినిబట్టి కాక, ఆడనివారినిబట్టి ఎన్నుకొనవలెను. జారుటకు తగిన కొండలు ఆల్ప్సులో ఎన్నియో కలవు; పెద్దవారి దినము సుఖముగా గడచు గ్రామములు అన్ని లేవు. కావున డబ్బు కట్టుటకు ముందు ఒక కాగితముపై పెద్దల దినచర్యను గంటగంటకు వ్రాసిచూడవలెను. పదింటికి ఎక్కడికి నడతురు? పండ్రెండింటికి ఎవరితో భోజనము చేయుదురు? మూడింటికి ఎక్కడ కూర్చుందురు? ఈ గడులలో "గదియందే" యని మూడుమార్లు వ్రాయవలసివచ్చినచో, ఆ విడిది మనకు పనికిరాదు.

మొదట చూడవలసినది ఎత్తు. మన ఉదకమండలము 2,240 మీటర్ల యెత్తున నున్నది. ఫ్రాన్సులోని వాల్ థోరెన్స్ విడిది 2,300 మీటర్లు. అనగా ఉదకమండలముకంటె నెత్తయిన చోట, మంచునడుమ రాత్రులు నిద్రించుట. ఆ యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో ముప్పాతిక వంతే యుండును. యువకులకు ఇది తెలియకపోవచ్చును గాని, గుండెజబ్బు, ఉబ్బసము గలవారికి ఆయాసము, నిద్రలేమి కలుగవచ్చును. మన కాశ్మీరములోని గుల్మార్గు ఇంకను ఎత్తు. ఆ గ్రామమే 2,650 మీటర్లు. పగటివేళ కొంతసేపు పైకి బోయివచ్చుట వేరు, రాత్రి అక్కడనే పరుండుట వేరు. పెద్దలు నిద్రించు గ్రామము పదునైదు వందల మీటర్లకు లోపల నున్నచో మేలు. ప్రయాణమునకు ముందు వైద్యుని అడుగుట ఎటులనైనను విధి.

రెండవది మంచుయొక్క వేళ. వసంతకాలపు మంచునకు ఒక దినచర్య గలదు. రాత్రి గడ్డకట్టినది ప్రొద్దున రాతివలె నుండును. ఎండ యెక్కిన కొలది పైపొర కరగి ముతక ఉప్పువలె రవ్వలగును. జారుటకు అదియే మంచిసమయము. మధ్యాహ్నము దాటగా గంజివలె మెత్తబడి కాళ్లను పట్టుకొనును. అప్పుడు అలసిన మోకాళ్లకు ప్రమాదము. కావున వసంతమున తెలివిగలవారు ఉదయముననే ఆడి, మధ్యాహ్నము మానుదురు. ఇది మన కుటుంబములకు గొప్ప సౌకర్యము. జనవరిలో దినమంతయు విడిపోవువారు మార్చిలో పండ్రెండింటికే కలిసికొనవచ్చును. ఇక పెద్దల విషయమున గడియారము మరియొక తీరు. తెల్లవారుజామున బాటలు నున్నగా గడ్డకట్టి యుండును గనుక, పదిగంటలకు ముందు వారిని నడకకు బయలుదేరనీయరాదు.

ఈ మధ్యాహ్నపు కలయికకు తగిన చోటు ఉన్నదా లేదా యనుటయే విడిదికి అసలు పరీక్ష. స్కీలు లేనివారు రైలులోనో, కూర్చుండి పోవు కేబుల్ కారులోనో చేరగలదియు, అదేచోటికి ఆటగాండ్రు జారి రాగలదియు, ఎండలో కూర్చుండి భోంచేయగలదియునైన స్థలము ఒకటి యుండవలెను. ఆగకుండ కదలు కుర్చీలలోనికి గభాలున ఎక్కి దిగవలసిన చోట్లు పెద్దలకు తగవు.

మూడవది తేదీలు. ఈస్టరు పండుగయు మన పండుగలవలెనే చంద్రుని ననుసరించి జరుగును. 2026లో ఏప్రిలు 5, 2027లో మార్చి 28. ఆ వారమున క్రిక్కిరిసిన జనము, హెచ్చిన వెలలు. అది గడచినపిదప అనేక గ్రామములలో వసతిగృహములు మూయుదురు. కేబుల్ కార్లను మరమ్మతులకై వేసవివరకు నిలుపుదురు. పల్లపు దారులు బురదయగును. తక్కువ వెలకు దొరకినదని ఏప్రిలు చివర గది కుదుర్చుకొన్నవారికి మూసిన తలుపులే యెదురుపడవచ్చును. పెద్దలతో బోవుటకు మార్చి నడిమి వారములు అనుకూలము.

ఇట్లు విచారించి మేము మూడు గ్రామములను సరిపోల్చితిమి.

ఆస్ట్రియాలోని జీఫెల్డు సుమారు 1,200 మీటర్ల యెత్తుగల మైదానము. మ్యూనిక్ నుండి రైలులో సులభముగా చేరవచ్చును. చదునైన నడకదారులు అచ్చటి సొత్తు. 1964, 1976 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలలో, సమతలమున స్కీలపై పరుగెత్తు పందెములు అక్కడ జరిగినవి. కాని కొండవాలున జారు బాటలు తక్కువ; ఎత్తు తక్కువగుటచే వసంతమున మంచు నమ్మకము కాదు. ఇద్దరు పెద్దలే పోదలచినచో దీనికి మించినది లేదు.

స్విట్జర్లాండులోని జెర్మాట్ సుమారు 1,600 మీటర్లు. మోటారు కార్లను క్రింద టేష్ గ్రామమున నిలిపి రైలులో రావలెను. వీధులలో చిన్న విద్యుద్బండ్లు మాత్రమే తిరుగును. 1898లో నిర్మించిన గోర్నర్‌గ్రాట్ రైలు 3,089 మీటర్ల వరకు పోవును. అంత యెత్తు వలదన్నవారు 2,582 మీటర్ల యొద్దనున్న రిఫెల్‌బెర్గునందే దిగి మాటర్‌హార్న్ శిఖరమును చూడవచ్చును. మంచు నమ్మకమున దీనికి సాటిలేదు. మాకు దూరమును, ఖర్చును అడ్డువచ్చినవి.

మూడవది వెంగెన్. 1,274 మీటర్లు, అనగా చిత్తూరు సీమవారు ఎరిగిన హార్స్‌లీ కొండలంత యెత్తు. మోటారు కార్లకు దారిలేని గ్రామము. లౌటర్‌బ్రున్నెన్ లోయనుండి రైలే దిక్కు. మెట్టుపాళయము నుండి కూనూరునకు బోవు రైలువలె ఇదియు నడిమి పండ్లపట్టాను పట్టుకొని కొండనెక్కును. అదే రైలు ఇంకను పైకిబోయి 2,061 మీటర్ల యొద్దనున్న క్లైనె షైడెక్ అను స్టేషను చేరును. స్కీలు మోసికొనువారును చేతికర్ర పట్టినవారును ఒకే పెట్టెలో కూర్చుందురు. పైన స్టేషను ప్రక్కనే భోజనశాలలు, ఎండ, ఎదుట ఐగర్, మోన్క్, యుంగ్‌ఫ్రౌ అను మూడు శిఖరములు. ఆటగాండ్రు అచ్చటికి జారివత్తురు. మా పరీక్షలో నెగ్గినది ఇదియే. లోపమును చెప్పవలెనన్నచో, గ్రామములోని వీధులు కొంత ఏటవాలు. అందుచే స్టేషనునకు దగ్గరనున్న గదినే తీసికొనవలెను. క్లైనె షైడెక్ నుండి 3,454 మీటర్ల యెత్తుగల యుంగ్‌ఫ్రౌయోహ్‌కు మరియొక రైలున్నది. అక్కడ గాలి యొత్తిడి మూడింట రెండువంతులే. మా అత్తగారికి రక్తపుపోటు గలదు గనుక వైద్యుని సలహాపై మేమా ముచ్చట మానుకొంటిమి.

భోజన విషయము వేరుగ చెప్పవలెను. వంటిల్లుగల వసతిని కుదుర్చుకొనుట ఉత్తమము. ఎత్తు హెచ్చినకొలది నీరు తక్కువ వేడికే మరగును. వెంగెన్‌లో సుమారు 96 డిగ్రీలకే. తెరచిన గిన్నెలో కందిపప్పు ఉడకుటకు ఎక్కువసేపు పట్టును. చిన్న ప్రెషరు కుక్కరును పెట్టెలో పెట్టుకొనవలెను. శాకాహారులు మరియొకటి యెరుగవలెను. గ్రుయేర్ మొదలగు పేరుపొందిన జున్నులను లేగదూడ కడుపునుండి తీసిన తోడుతో పేరబెట్టుదురు. ఫాండ్యూ అను జున్నువంటకములో ద్రాక్షసారాయి కలుపుదురు. రోస్టి యనునది తురిమిన బంగాళాదుంపల అట్టు. పందిమాంసము లేకుండ కావలెనని ముందే చెప్పవలెను. మేము ఒక చిన్న అట్టముక్కపై "మేము మాంసము, చేపలు, గ్రుడ్లు తినము, మద్యము కలిసినది వలదు" అని జర్మను భాషలో వ్రాసి అత్తగారి చేతిసంచిలో పెట్టితిమి. పోయినసారి చేయవలసిన పని ఇంత చిన్నది!

నల్లకండ్లద్దములు పెద్దలకు అవశ్యము. క్రొత్తమంచు తనపై పడిన అతినీలలోహిత కిరణములలో నూటికి ఎనుబది వంతుల వరకు త్రిప్పికొట్టును. కంటిపొర శస్త్రచికిత్స చేయించుకొన్నవారు మరింత జాగ్రత్తగా నుండవలెను. బూట్లకు తగిలించుకొను ఇనుపముళ్ల పట్టీలు అంగళ్లలో దొరకును. చీరకుచ్చెళ్లు వానికి చిక్కుకొనును గనుక, నడకవేళ ఉన్ని పైజమా, కమీజు మేలు. షెంగెన్ వీసాకు కనీసము 30,000 యూరోల వైద్యభీమా ఉండవలెను. కాని వెనుకటి జబ్బులకు అది వర్తించునో లేదో పత్రమును చదివి తెలిసికొనవలెను.

2024 మార్చి రెండవ వారమున బయలుదేరితిమి. ఒక్కదినమున అంతదూరము వలదని జూరిచ్‌లో ఒకరాత్రి ఆగితిమి. వెంగెన్‌లో ప్రతిదినమును ఉదయము మేము జారుటకు బోవుచుంటిమి. పదిన్నరకు పెద్దలు గ్రామమున నడచి, రైలెక్కి, పండ్రెండింటికి క్లైనె షైడెక్ చేరుచుండిరి. మనుమడు జారివచ్చుటను అత్తగారు మొదటిసారిగా కన్నులార చూచిరి. మామగారు గడియారము చేతబట్టి రైళ్లరాకను సరిచూచుచుండిరి. మధ్యాహ్నము అందరమును కలిసియే దిగుచుంటిమి.

నాలుగవనాడు పండ్రెండింటికి మేము చేరునప్పటికి వారు లేరు. రైలు వచ్చినది, వారు దిగలేదు. మాకు గుండె దడదడలాడెను. తరువాతి రైలులో నింపాదిగా దిగిరి. అత్తగారి చేతిలో కాగితపుసంచి. గ్రామములోని రొట్టెల అంగడికి తామే వెళ్లి, అట్టముక్క చూపి, అందరికిని రొట్టెలు కొనుచు ఆలస్యము చేసిరట! "ఏం కంగారుపడ్డారా? కూర్చోండి, కూర్చోండి, ఆకలేస్తుంటుంది" అని తామే సంచి విప్పి పంచిపెట్టిరి.

ఆటాడువారు ఆడనివారికొరకు ఎదురుచూచుట మా యింట అదియే మొదటిసారి. విడిది కుదిరినదని మాకప్పుడు తోచెను.