లినోలియముపై కొంగ బొమ్మ

చెఱువు అంచున కాలితో బురద కదల్చుచు చేపలకై పొంచియుండు చిన్న తెల్లకొంగను చూడని విద్యార్థి మనలో ఉండడు. దాని ముక్కును కాళ్లును నల్లనివి; కాలివ్రేళ్లును కనుపాప చుట్టునుండు వలయమును పసుపుపచ్చనివి. ఈ పక్షిని ఒకే దిమ్మతో మూడు రంగులలో అచ్చొత్తు విధమును, ముఖ్యముగా తుది ముద్ర వేయు పద్ధతిని ఇచ్చట వివరింపబూనితిమి. ఏలయన, ఈ పనిలో మొదటి రంగు వేయువారు పలువురు. తుది రంగువఱకు చెడకుండ సాగించువారు కొందఱే.

లినోలియము నేలపై పఱచుటకై ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టను కనిపెట్టిన వస్తువు. 1863లో ఆయన దానికి పేటెంటు పొందెను. గడ్డకట్టిన అవిసెనూనెలో, సీసా బిరడాలు చేయు బెరడు పొడి మున్నగువానిని కలిపి గోనెబట్టపై పఱచి దానిని చేయుదురు. కఱ్ఱలోవలె దీనిలో నారపోగులు లేవు గనుక ఉలి ఎటు త్రిప్పినను ఒకే తీరున తెగును. శాంతినికేతనమందలి నందలాల్ బోసుగారు 1930లో దండియాత్ర సందర్భమున గాంధీమహాత్ముని చిత్రమును చెక్కినది దీనిపైననే. అందు నలుపు తెలుపులు మాత్రమే కలవు. రంగులు పెరిగినకొలది చిక్కులును పెరుగును.

చెక్కివేసిన భాగమునకు సిరా అంటదు, మిగిలినది అచ్చుపడును. దిమ్మపై ఎడమకు చూచు కొంగ కాగితముపై కుడికి చూచును. లేతరంగునుండి ముదురురంగునకు పోవుచు, ప్రతి రంగునకు ముందును దిమ్మను మఱికొంత చెక్కవలెను.

మొదట కొంగ దేహమును చెక్కివేసి, కంటిని మాత్రము చిన్న దీవివలె నిలిపి, దిమ్మయంతటను పసుపు పూసి కాగితములన్నిటిపై ముద్రింపవలెను. కొంగ తెలుపు సిరా కాదు, కాగితపు తెలుపే. పిదప ఆకాశమును, పైకెత్తిన కాలి వ్రేళ్లను, కంటివలయమును చెక్కివేసి ఆకుపచ్చ వేయవలెను. దానిచే నీరును గడ్డియు ఏర్పడును. చెక్కిన తావులందు మునుపటి పసుపు నిలుచును. ఇక దిమ్మపై ఆకాశము లేదు గనుక మఱల పసుపు ముద్ర వేయ వీలుకాదు. 12 ప్రతులు కావలెనన్న మొదటనే 15 కాగితములపై పసుపు వేసికొనవలెను; కొన్ని చెడక మానవు. లెక్క తరువాత చూచుకొందమనుట చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటయే.

తుదిరంగు నలుపు. దీనికై నీటిని, గడ్డిలో చాలభాగమును తీసివేయగా ముక్కు, కాళ్లు, కనుపాప, కొన్ని తుంగపోచలు మాత్రమే మిగులును. ఉలి జాఱి సన్నని కాలు తెగెనేని 15 కాగితములలోను కొంగ కుంటిదగును. కావున ఉలికి పదునుపెట్టి, దిమ్మను కొంచెము ఎండలో వెచ్చచేసి, కాలిగీత దగ్గఱనుండి వెలుపలికే చెక్కవలెను. ఎడమచేయి ఎన్నడును ఉలికి ఎదుట ఉండరాదు.

రంగులు ఒకదానిపైనొకటి సరిగా పడుటకై ఒక అట్టపై దిమ్మకును కాగితపు మూలలకును హద్దులు అంటింపవలెను. మొదటినుండి తుదివఱకు అవి కదలరాదు. నలుపును రోలరుతో పలుచగా పూయవలెను. ఎక్కువైన గీతలు పూడిపోవును. ముందు చిత్తుకాగితముపై వేసి చూచి, అనవసరపు మచ్చలు వేయు గట్లను తీసివేయవలెను. కాగితముపై చెంచా వీపుతో రుద్ది, ఒక మూల ఎత్తి చూచి, చాలనిచోట మఱల రుద్దవలెను. ఆఱిన పిదప అడుగున పెన్సిలుతో ఎడమవైపు ప్రతిసంఖ్యను, కుడివైపు సంతకమును వ్రాయుట ఆచారము. 3/12 అనగా పండ్రెండింటిలో మూడవదని అర్థము.

నూనెసిరా ఆఱుటకు వానకాలమున పెక్కు దినములు పట్టును. ఆఱని పచ్చపై నలుపు వేసి, వారములకొలది పడిన శ్రమను పోగొట్టుకొనువారిని మేము చూచుచునేయున్నాము. వారికి నేర్పు కొఱవడలేదు. ఒక్కదినపు ఓర్పు కొఱవడినది. విద్యార్థులారా, ఆ దినమున ఉలులను కట్టిపెట్టి, చెఱువుగట్టునకు పోయి కొంగను మఱొకమాఱు చూచి రండు. దాని కాలి వంపును బాగుగ ఎఱిగిన చేయి తుదిగీతను తెంపదు.