పిల్లల చేతికి మైకు, పెద్దల నోట మాట

"పెద్దల మాట చద్దిమూట" యని మన సామెత. చద్దిమూట ఎంత మంచిదైనను, విప్పువాడు లేనిచో దానివలన ఎవరి ఆకలియు తీరదు. నేడు మన ద్వీపమున అనేక గృహములలో స్థితి యిట్లే యున్నది. అవ్వ తెలుగున తలచుకొనుచున్నది. మనుమడు క్రియోలున బదులు చెప్పుచున్నాడు. ఇరువురి నడుమ ప్రేమకు కొదవ లేదు గాని, మాటకు కొదవ కలదు. ఈ కొదవను తీర్చు సాధనమొకటి మన పిల్లల జేబులలోనే యున్నది. అది వారి చేతి ఫోను. దానితో వారు చేయదగిన పని, తామే స్వయముగా ఒక రేడియో కార్యక్రమమును, లేక పాడ్‌కాస్టును తయారుచేయుట.

పాడ్‌కాస్టు అను మాట మనలో కొందరు పెద్దలకు క్రొత్తది కావచ్చును. 2004లో బెన్ హామర్‌స్లీ అను ఆంగ్ల పత్రికా రచయిత 'ఐపాడ్', 'బ్రాడ్‌కాస్ట్' అను రెండు పదములను కలిపి ఈ పదమును వాడెను. ఐపాడ్ అను ఆ చిన్న యంత్రమును చేయుట 2022లో ఆగిపోయినది. పేరు మాత్రము నిలిచినది. రేడియో తన వేళకు వచ్చును; పాడ్‌కాస్టు మనము కోరిన వేళకు వచ్చును. రేడియోకు ఎత్తయిన ప్రసార స్తంభము, స్టూడియో, ఇంజనీర్లు కావలెను; పాడ్‌కాస్టునకు ఒక ఫోను, ఒక నిశ్శబ్దమైన గది, చెప్పదగిన విషయము చాలును.

మన దేశమున 1964లో మారిషస్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ఏర్పడినది. 2002లో ప్రైవేటు రేడియోలు వచ్చినవి. ఇన్నేండ్లును మనలో నూటికి తొంబదిమంది వినువారమే గాని మాటాడువారము గాము. మాటాడు అవకాశము నేడు పదునైదేండ్ల బాలికకు కూడ లభించినది. లభించిన అవకాశమును ఆమె దేనికి వినియోగించునన్నదే మనము ఆలోచింపవలసిన విషయము.

ఇట్టి పనిని ఇతర దేశముల పిల్లలు ఎట్లు చేసిరో తెలిసికొనుట మంచిది. 1993లో అమెరికాలోని చికాగో నగరమున దక్షిణ భాగమందు లీ ఆలన్ జోన్స్, లాయిడ్ న్యూమన్ అను ఇద్దరు బాలురు ఉండిరి. ఒకనికి 13, మరియొకనికి 14 సంవత్సరములు. వారు నివసించు పేటను గూర్చి పత్రికలవారు, పోలీసువారు, అధికారులు ఎన్నో మాటలు చెప్పియుండిరి. అన్నియు బీదతనమును గూర్చియు, తుపాకులను గూర్చియు. డేవ్ ఐసే అను రేడియో నిర్మాత ఆ బాలుర చేతికి శబ్దగ్రహణ యంత్రమునిచ్చి, మీ జీవితమును మీరే చెప్పుడనెను. వారు తమ వీధిని, తమ బడిని, తమ యింటివారిని తమ మాటలతోనే వినిపించిరి. ఆ కార్యక్రమమునకు 'ఘెట్టో లైఫ్ 101' అని పేరు.

తరువాత వారు మరింత కఠినమైన విషయమును చేపట్టిరి. 1994లో ఎరిక్ మోర్స్ అను అయిదేండ్ల పసివానిని, పది పదునొకండేండ్ల బాలురిద్దరు ఒక ఎత్తయిన భవనముయొక్క 14వ అంతస్తునుండి క్రిందికి పడద్రోసిరి. ఆ ఘోరము ఏల జరిగెనని లీ ఆలన్, లాయిడ్ ఇరువురును తమ పేటవారినే అడిగి, 1996లో ఒక కార్యక్రమము చేసిరి. దానికి రేడియో రంగమున మిక్కిలి గౌరవముగల పీబడీ బహుమానము లభించినది. పరాయివాడు వచ్చి మైకు పట్టినచో ఆ పేటవారు తలుపు తీసెడివారు గారు. తమ వీధి పిల్లవాడు అడిగినందున నోరు విప్పిరి. దీనిని మనము గుర్తుంచుకొనవలెను: కొన్ని ప్రశ్నలకు సమాధానము ఇంటి బిడ్డకే లభించును.

మరియొక ఉదాహరణము. అమెరికాలోని నేషనల్ పబ్లిక్ రేడియో విద్యార్థులకు పాడ్‌కాస్టు పోటీ పెట్టగా, 2019లో జరిగిన మొదటి పోటీకి దాదాపు 6,000 కార్యక్రమములు వచ్చినవి. ఉన్నత పాఠశాలల విభాగమున గెలిచినవారు టెనెసీ రాష్ట్రమందలి ఎలిజబెత్‌టన్ అను చిన్న పట్టణపు విద్యార్థులు. వారు ఎన్నుకొన్న విషయము సమీపముననున్న ఎర్విన్ అను ఊరి సిగ్గు. 1916లో ఒక సర్కసు ఏనుగు తనను నడపువానిని చంపగా, దానిని ఎర్విన్‌కు తెచ్చి, రైలు క్రేనుతో ఉరితీసిరి. నూరేండ్లు గడచినను ఆ ఊరి పేరు చెప్పగానే జనులకు ఆ ఏనుగే గుర్తుకు వచ్చుచుండెను. ఈ కాలపు ఊరివారు వీధులలో ఏనుగు బొమ్మలను నిలిపి, వాటిని వేలము వేసి, వచ్చిన ధనమును ఏనుగుల సంరక్షణాలయమునకు పంపుచున్న సంగతిని విద్యార్థులు లోకమునకు చెప్పిరి. చెడును దాచలేదు, చెడును మాత్రమే చెప్పి ఊరకుండనూ లేదు.

అదే పోటీలో చిన్న తరగతుల విభాగమున న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ బాలికలు గెలిచిరి. వారి విషయము ఋతుధర్మము; దానిని గూర్చి ఇంటను బడిలోను ఎవ్వరును బాహాటముగా మాటాడకపోవుట. ఇట్టి విషయము మన పత్రికలో ఏల యని కొందరు పెద్దలకు తోచవచ్చును. మన యిండ్లలోను ఆ మౌనమే కలదు. మన ఆడపిల్లలును ఆ మౌనము వలననే భయపడుచున్నారు. పిల్లల చేతికి మైకు ఇచ్చుటయనగా, మనకు నచ్చిన మాటలు మాత్రమే వినుట కాదు.

ఇవన్నియు అమెరికా సంగతులు, మనకేల యని అనరాదు. రేడియోలో పిల్లలు మాటాడుట తెలుగువారికి క్రొత్త గాదు. మద్రాసు రేడియో కేంద్రమునుండి తెలుగు పిల్లల కార్యక్రమమును నడిపిన న్యాయపతి రాఘవరావుగారిని తెలుగునాట అందరును 'రేడియో అన్నయ్య' యనియే పిలిచిరి. ఆయన ధర్మపత్ని కామేశ్వరిగారు 'రేడియో అక్కయ్య'. వారు పిల్లలకు కథలు చెప్పుటతో తృప్తిపడక, పిల్లలచేతనే పాడించిరి, ఆడించిరి, మాటాడించిరి. 1945లో 'బాల' అను పత్రికను ప్రారంభించి, పిల్లలు వ్రాసినవి అచ్చువేసిరి. వారు మాస్టరు గారు అని గాక, అన్నయ్య, అక్కయ్య అని పిలిపించుకొనుటలోనే రహస్యమంతయు ఉన్నది. భయమున్న చోట పిల్లవాడు అప్పగించిన పాఠము చెప్పును. చనువున్న చోట తన మాట చెప్పును.

ఇక మన ద్వీపపు సంగతి. 1834 మొదలు ఒప్పంద కూలీలుగా దాదాపు 5 లక్షలమంది భారతీయులు ఈ ద్వీపమున దిగిరి. వారిలో కోరంగి మొదలగు రేవులనుండి వచ్చిన తెలుగువారు మన పూర్వులు. ఆ రేవు పేరుననే మనలను ఇచట 'కోరంగి'వారని పిలిచిరి. పోర్టు లూయీలో వారు దిగిన ఆప్రవాసి ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థయందు వారి దస్తావేజులు భద్రముగా నున్నవి. వానిలో పేరు కలదు, తండ్రి పేరు కలదు, ఊరు కలదు, వయస్సు కలదు, సంఖ్య కలదు. 1860ల తరువాతివారిలో అనేకుల ఛాయాచిత్రములును కలవు. ఒక్కటి మాత్రము లేదు. వారి కంఠము లేదు. చెరకు నరకుచు ఏమి పాడిరో, సర్దారు కొట్టిన దినమున ఇంటికి వచ్చి ఏమనిరో, బిడ్డను ఏ మాటలతో నిద్రపుచ్చిరో ఏ దస్తావేజును చెప్పజాలదు.

ఆ కంఠములు పోయినవి, తిరిగి రావు. కాని వారి మనుమలు, మునిమనుమలు ఇంకను మన నడుమ నున్నారు. 1960లో ఆలిక్స్, కరోల్ అను రెండు తుఫానులు ఒకదాని వెంట నొకటి వచ్చి ద్వీపమును నేలమట్టము చేసినప్పుడు బడిపిల్లలుగా నుండినవారు నేడు డెబ్బదియేండ్లు దాటినవారు. 1968 మార్చి 12వ తేదీన స్వాతంత్ర్య పతాకము ఎగిరిన దినమును కన్నులార చూచినవారు కలరు. రామభజనమునాడు దీపము చుట్టును తెల్లవార్లు అడుగులు వేసి, పుస్తకము చూడకుండ పాటలు పాడువారు కలరు. వారిలో ఏటేట కొందరు తగ్గుచున్నారు. దస్తావేజులను మరల తెరచి చదువవచ్చును. మనిషి వెళ్లిపోయిన పిమ్మట ఆ కంఠమును మరల తెరచు ఉపాయము లేదు. కావుననే ఈ పనికి తొందర కలదు.

ఈ పనికి రెండు ఆటంకములు కలవు. మొదటిది పిల్లల సిగ్గు. "నాకు తెలుగు సరిగా రాదు" అని వారు వెనుకాడుదురు. దీనికి కారణము చాలవరకు మనమే. పిల్లవాడు ఒక వాక్యమున రెండు తప్పులు చేసినచో, వాక్యమును వినక తప్పులను విందుము, నలుగురిలో నవ్వుదుము. ఒకసారి నవ్వులపాలైన పిల్లవాడు మరల తెలుగున నోరెత్తడు. వ్యాకరణము తరువాత వచ్చును. ముందు మాట రావలెను. సగము క్రియోలు, సగము తెలుగు కలిపి అడిగిన ప్రశ్న కూడ ప్రశ్నయే. అవ్వ చెప్పిన జవాబును పిల్లవాడు నాలుగుసార్లు వినును. తెలియని మాటలకు అర్థమడుగును. అనవసరమైనది కత్తిరించుటకు అయిదవసారి వినును. బడిలో నెల దినములలో రాని మాటలు ఈ విధముగా ఒక వారములో చెవిని పడును.

రెండవ ఆటంకము మన కోరిక. మైకు కనబడగానే పిల్లవానిచేత ఉగాది ఉపన్యాసము కంఠస్థము చేయించి చెప్పింపవలెనని మనకు తోచును. ఉపన్యాసమును తప్పుపట్టుట లేదు. దానికి వేదిక కలదు. పిల్లల రేడియో పిల్లలదిగానే యుండవలెను. ఫుట్‌బాలు చెప్పుదురో, పరీక్షల బెంగ చెప్పుదురో, తాతగారి మిల్లు కథ చెప్పుదురో వారే నిర్ణయించుకొనవలెను. పెద్దలు అడిగినప్పుడు సలహా ఇచ్చిన చాలును.

పని పద్ధతి కష్టమైనది గాదు. వంటింటికి దూరముగా, చాపలు, పరుపులు, బట్టలున్న గదిని ఎన్నుకొనవలెను; బట్టలు ప్రతిధ్వనిని మ్రింగివేయును. పంకాను ఆపవలెను. ఫోనులో కాల్స్ రాకుండ చేసి, మాటాడువారి నోటికి జానెడు దూరమున నుంచవలెను. మొదట అర నిమిషము పట్టి, విని చూచుకొనవలెను. "అవును", "కాదు" అని ముగియు ప్రశ్నలు వేయరాదు. "తుఫాను వచ్చినదా?" అని అడుగుటకు బదులు, "అవ్వా, కరోల్ తుఫాను వచ్చిన రాత్రి మీరు ఎక్కడ తలదాచుకొన్నారు? తెల్లవారి తలుపు తీస్తే ఏమి కనబడింది?" అని అడుగవలెను. జవాబు నడుమ అవ్వ ఆగినచో వెంటనే మరియొక ప్రశ్న వేయరాదు. ఆ మౌనము తరువాతనే అసలు మాట వచ్చును. కత్తిరించి కూర్చుటకు 'ఆడాసిటీ' వంటి ఉచిత సాధనములు కంప్యూటరుకు లభించును. పూర్తి శబ్దగ్రహణమును రెండు వేరువేరు చోట్ల దాచి, మాటాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసి యుంచవలెను. పేరు లేని కంఠము కొన్నేండ్లకు అనాథ యగును.

దీనికి ధర్మమును కలదు. అనుమతి లేనిదే ఎవరి మాటను పట్టరాదు; పట్టినదానిని మరల వినిపించి, వారు సరేయన్న పిమ్మటనే పదిమందికి వినిపింపవలెను. కొన్ని మాటలు ఇంటికి మాత్రమే చెందును. అప్పులు, కులపు మాటలు, విడిపోయిన కాపురములు, ఇట్టివి అవ్వ తన మనుమరాలికి చెప్పవచ్చును గాని లోకమునకు చెప్పకపోవచ్చును. అట్టి భాగమును వేరుగా దాచవలెను. పిల్లలు తమ యింటి చిరునామా, బడి పేరు, ఫోను సంఖ్య కార్యక్రమమున చెప్పరాదు. తల్లిదండ్రులు పిల్లల కార్యక్రమమును వినవలెను. తప్పులు వెదకుటకు గాక, వారు ఏమి చెప్పదలచిరో తెలిసికొనుటకు.

అమెరికాలో స్టోరీకార్ప్స్ అను సంస్థ 2015 నుండి ఉన్నత పాఠశాలల పిల్లలను తమ యింటి పెద్దలలో ఒకరిని కూర్చుండబెట్టి మాటలు పట్టుడని ఏటేట పండుగ సెలవులలో కోరుచున్నది. ఆ చికాగో బాలుర చేతికి యంత్రమునిచ్చిన డేవ్ ఐసేగారే ఆ సంస్థను 2003లో స్థాపించిరి. మనకును పండుగలు కలవు. బంధువులందరును ఒక్క పంక్తిలో భోజనము చేయు దినములు కలవు. భోజనానంతరము ఒక అరగంట చాలును.

కావున తల్లిదండ్రులకు ఒక విన్నపము: రాబోవు ఉగాదికి ముందుగా, మీ యింటి పిల్లలు ఒక్క పెద్దను ఒక్క అరగంట మాటాడించునట్లు చూడుడు. మందిరపు పాఠశాల గది ఆదివారము మధ్యాహ్నము ఖాళీగానే యుండును. దానిని వారికి విడువవచ్చును. పెద్దలకు ఒక విన్నపము: పిల్లవాడు వచ్చి అడిగినప్పుడు "నా దగ్గర ఏముందిరా చెప్పడానికి" అనకుడు. కలదు. యువకులకు ఒక మాట: తప్పులతోనే మొదలు పెట్టుడు, తెలుగు వెంట వచ్చును. కాని ఈ వారమే మొదలు పెట్టుడు.