ఆపరేషన్ పొద్దున గుండె మాత్ర

బెంగళూరు జయదేవ గుండె ఆసుపత్రికి పోయి స్టెంటు వేయించుకొని వచ్చిన పెద్దవాళ్లు బాగేపల్లి, చింతామణి పక్క ఊరూరా కనిపిస్తారు పాపా. తర్వాత హెర్నియాకో మోకాలికో ఆపరేషన్ చిక్కబళ్లాపురంలో పెట్టుకుంటారు. జయదేవ కాగితాలేమో ఇంట్లో బీరువాలోనే ఉండిపోతాయి. "రాత్రి నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు" అని నర్సమ్మ చెప్పగానే మాత్రలు కూడా వద్దనుకొని మానేస్తారు. అది విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది.

ఎందుకో చెప్తా విను. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివాటిని బీటా బ్లాకర్లంటారు. భయానికీ నొప్పికీ ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది కదా, గుండె కణాల మీద అది పట్టుకునే చోట్లను ఈ మాత్ర ముందే ఆక్రమించుకుంటుంది. గుండె నిదానంగా కొట్టుకుంటుంది. నెలల తరబడి ఇట్లా సాగేసరికి గుండె అట్లాంటి చోట్లను ఇంకా ఎక్కువ తయారుచేసుకుంటుంది. అప్పుడు టక్కున మాత్ర ఆపితే ముక్కుతాడు తెగిన ఎద్దే! అదీ కత్తి పడే రోజున. గుండె పరుగెత్తేకొద్దీ దానికే రక్తం చాలదు. అందుకే అలవాటున్నవాళ్లను ఆ పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు.

అట్లని ఎన్నడూ వాడనివాళ్లకు ఆ రోజే మొదలుపెట్టకూడదు. 2008లో వెలువడిన పాయిజ్ అనే పరిశోధనలో మన దేశంతో కలిపి 23 దేశాల్లో 8,351 మందిని చూసినారు. ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు మెటోప్రొలాల్ మొదలుపెట్టినవాళ్లలో గుండెపోట్లు తగ్గినాయి గానీ పక్షవాతాలూ చావులూ పెరిగినాయి.

ఇక మిగతా మాత్రలకొస్తే, కొలెస్ట్రాల్ మాత్ర ఆపే పని లేదు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు మత్తులో బీపీని పడేస్తాయని చాలామంది మత్తు డాక్టర్లు ముందురోజే ఆపమంటారు. షుగర్ మాత్ర డాపాగ్లిఫ్లోజిన్‌నైతే మూడు రోజుల ముందే.

అన్నిటికన్నా చిక్కు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌తోనే. అది అంటిన ప్లేట్‌లెట్, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణం, బతికినన్నాళ్లూ పనికిరాదు, కొత్తవి పుట్టాల్సిందే. అందుకే మామూలుగా ఐదు రోజుల ముందు ఆపుతారు. స్టెంటు కొత్తదైతే మాత్రం, మాత్ర ఆపితే దాంట్లోనే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఆగగలిగే ఆపరేషన్‌నే ఆరు నెలలో ఏడాదో వాయిదా వేస్తారు. గుండె డాక్టరూ ఆపరేషన్ డాక్టరూ మాట్లాడుకొని తేల్చాల్సిన సంగతి ఇది, మనంతట మనం ఆపేది కాదు.

పోయేటప్పుడు జయదేవ కాగితాలతోపాటు మాత్రల అట్టలన్నీ తీసుకుపోవాలి. నాలుగు మాత్రలకని కత్తిరించిచ్చిన ముక్క మీద చాలాసార్లు పేరే ఉండదు, చూసుకో. ఆపిన మాత్ర మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో ఇంటికి వచ్చేముందే చీటీ మీద తేదీ వేసి రాయించుకోవాలి.