మూగజీవముల హృదయలేఖనము

నాడి చూచుట మనకు క్రొత్త గాదు. బిడ్డకు ఒడలు వెచ్చగా నున్నచో మొదట మణికట్టు పట్టి చూతుము. పెద్దలకు గుండె దడగా నున్నచో వారే నోరు విప్పి చెప్పుదురు. కాని పెరటిలోని గోవునకు, గుమ్మమున కాపున్న కుక్కకు, పొయ్యిచెంత ముడుచుకొని పండుకొను పిల్లికి నోరుండియు మాట లేదు. విరాటుని కొలువులో నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కనిపెట్టి చూచిరని మనము చదివియున్నాము. చూపుతోడను స్పర్శతోడను వారు గ్రహించినదానికి నేటి పశువైద్యులు మఱియొక సాధనమును చేర్చుకొనిరి. అది హృదయమునందలి విద్యుత్తును కొలిచి కాగితముపై గీతలుగా వ్రాయు యంత్రము. ఆసుపత్రులలో మనుష్యులకు తీయు ఇ.సి.జి. మనమందఱ మెఱిగినదే. జంతువులకు దానిని తీయు విధమును, ఆ విద్య పెరిగివచ్చిన త్రోవను సోదరీమణులకు విన్నవింపదలచితిని.

హృదయము మాంసపు సంచి వంటిది. ఆ మాంసము ముడుచుకొనుటకు ముందు స్వల్పమైన విద్యుత్తరంగ మొకటి దానిపై ప్రాకును. గుండె కుడివైపున, పైగదిలో, ఒక చిన్న కణసమూహము కలదు. ప్రతి స్పందనమునకును తొలిపిలుపు అచ్చటనే పుట్టును. ఆ పిలుపు పైగదులు రెంటిని కదిలించి, నడుమ నొక్క లిప్తపాటు నిలిచి, పిమ్మట క్రిందిగదులకు దిగును. పైగదులలోని రక్తము క్రిందికి జాఱుటకు ఆ వ్యవధి కావలయును. ఈ తరంగపు ఛాయ చర్మము వఱకును వచ్చును గాని, అచ్చట దాని బలము ఇంచుమించు వోల్టులో వేయవ వంతు మాత్రమే. టార్చిదీపములో వేయు బ్యాటరీ యొక్కటి ఒకటిన్నర వోల్టు గలది. యంత్రము జంతువు శరీరములోనికి విద్యుత్తును పంపునేమో యని కొందఱు భయపడుదురు. అట్లు పంపదు, శరీరము నందు పుట్టినదానిని పుచ్చుకొని వ్రాయును, అంతియే.

ఈ విద్యకు తొలిగురువులు కప్పలు. ఇటలీదేశమున బొలోనా నగరవాసియైన గాల్వానీ కప్పకాళ్లపై విద్యుత్తు చేయు పనిని పరిశోధించి 1791లో గ్రంథము ప్రకటించెను. 1856లో జర్మనుదేశమున కోలికరు, ముల్లరు అను నిరువురు, కొట్టుకొనుచున్న కప్పగుండెపై మఱియొక కప్పకాలి నరమును తాకించిరి. గుండె స్పందించినపుడెల్ల ఆ కాలు అదరెను. హృదయమునుండి విద్యుత్తు పుట్టుచున్నదని దానివలన కన్నులార చూచిరి. అయినను ఆ జ్ఞానమునకు ఆ మూగప్రాణులు చెల్లించిన మూల్యము తమ ప్రాణమే.

కోయకయే తెలిసికొను మార్గము లండనులో కానవచ్చెను. సెయింట్ మేరీస్ వైద్యశాలయందు ఆగస్టస్ వాలరు అను శాస్త్రజ్ఞుడు 1887లో మనుష్యుని హృదయవిద్యుత్తును శరీరముపైనుండియే నమోదు చేసెను. ఆయనకు జిమ్మీ యను బుల్‌డాగు కలదు. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రవహింపనిచ్చును గనుక గాజుపాత్రలలో ఉప్పునీరు పోసి, జిమ్మీ ముందుకాలొకటి ఒకదానిలోను, వెనుకకాలొకటి వేఱొకదానిలోను ఉంచి, ఆ నీటినుండి తీగెలను యంత్రమునకు కలిపెడివాడు. అది ఓర్పుతో నిలిచెడిది. 1909లో రాయల్ సొసైటీవారి సభలో ఈ ప్రదర్శనము జరిగినపుడు, ఇది జంతుహింస కాదా యని పార్లమెంటులో ప్రశ్న వచ్చెను. కుక్క మెడకు మేకులుగల పట్టీ బిగించిరనియు, కాళ్లను ఏవో ద్రావకములలో ముంచిరనియు ఆక్షేపణ. హోంమంత్రి గ్లాడ్‌స్టన్ లేచి, అవి మేకులు గావు, మెడపట్టీకి అలంకారముగా పెట్టిన ఇత్తడి గుబ్బలనియు, ఆ ద్రావకము మనము తిను ఉప్పు కలిపిన నీరనియు, సముద్రతీరమున కాళ్లు తడుపుకొన్నవారికి ఆ అనుభవము తెలియుననియు బదులు చెప్పెను. సభ్యుని భయము నిరాధారమైనను, ఆ ప్రశ్న అడుగుట మంచిదే యని నా తలంపు. నోరులేని ప్రాణి పక్షమున ఎవరో యొకరు అడుగవలదా!

వాలరు పనిని చూచినవారిలో హాలండు దేశస్థుడైన ఐంథోవెన్ ఒకడు. ఆయన లైడెన్ నగరమున సన్నని తీగతో సూక్ష్మమైన యంత్రమును నిర్మించి, ఆ కృషికి 1924లో నోబెల్ బహుమానము నందెను. ఆ తొలినాటి యంత్రము 270 కిలోల బరువు. నడుపుటకు ఐదుగురు కావలసియుండిరి. కుక్కకు హింస యనుకొన్న ఉప్పునీటి పాత్రలలోనే అప్పుడు మనుష్యులును చేతులు, కాలు ముంచి కూర్చుండిరి!

నేడు ఆ పాత్రల పని లేదు. కుక్కను కుడిప్రక్కకు పండుకొనబెట్టి, మోచేతులవద్దను మోకాళ్లవద్దను చిన్న పట్టుకొయ్యల వంటి క్లిప్పులు తగిలించి, జిగురుమందు గాని స్పిరిటు గాని తడుపుదురు. కొద్ది నిమిషములలో పని ముగియును. అయితే ఇందొక ధర్మసూక్ష్మము కలదు: భయపడిన జంతువు గుండె తన నిజస్థితిని చెప్పదు. పిల్లి గుండె వైద్యశాల బల్లపై నిమిషమునకు 200 సారులు దాటి కొట్టుకొనుట కలదు. ఇంటివద్ద విశ్రాంతిగా నున్నపుడు అంతకు చాల తక్కువ. ఒడలు వణకినచో కండరముల విద్యుత్తు కూడ కలిసి గీతలు చెడును. ప్రశాంతముగా నున్న కుక్కకు గాలి పీల్చునపుడు గుండె వేగము హెచ్చుట, విడుచునపుడు తగ్గుట ఆరోగ్యలక్షణము. గుఱ్ఱపు గుండె విశ్రాంతిలో నిమిషమునకు 28 మొదలు 40 సారులు మాత్రమే కొట్టుకొనును. నడుమ నొక స్పందనము తప్పుటయు కలదు. పరుగెత్తించినంతనే ఆ లోపము మాయమగునేని అది రోగము గాదు. కావున జంతువును లాలించి శాంతపఱచుటయు ఈ కొలతలో భాగమే.

ఇక గోవు సంగతి. గోవు మేతను చక్కగా నమలకయే మ్రింగును. మేతతోడి మేకులు, తీగెముక్కలు పొట్టలోని యొక అఱలో నిలిచిపోవును. ఆ అఱకును హృదయమునకును నడుమ నున్నది పలుచని పొర మాత్రమే. మొన పొడుచుకొని పోయినచో గుండెచుట్టును చీముతోడి నీరు చేరును. ఆ నీరు అడ్డుపడుటచే హృదయలేఖనమున గీతలు పొట్టివగుట కాననగును. గంగడోలు వాచుట, మెడనరము ఉబ్బుట, వీపు వంచి నిలుచుట కన్నులకు కానవచ్చు గుర్తులు. కాని గీతల వలననే సమస్తము తెలియదు. కవాటముల లోపములకు స్టెతస్కోపు, స్కానింగు మొదలగునవి కావలయును. రోగ మంతవఱకు వచ్చినపిమ్మట పశువును దక్కించుకొనుట కష్టము.

ఇప్పుడు సముద్రము వైపు చూడుడు. భూమిపై అతిపెద్ద ప్రాణి నీలితిమింగిలము. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు, మాంటెరీ అఖాతమున, పడవనుండి పొడవైన కఱ్ఱతో, చర్మమునకు అంటుకొను రబ్బరుగిన్నెలు గల చిన్నపెట్టెను దాని ఒడలికి తగిలించిరి. పట్టుటయు లేదు, కట్టుటయు లేదు. ఎనిమిదిన్నర గంటలు అది తనపాటికి తాను మునుగుచు తేలుచు నుండగా పెట్టె లెక్క వ్రాసెను. లోతున గుండె నిమిషమునకు 4 మొదలు 8 సారులు, ఒక్కొక్కప్పుడు 2 సారులే కొట్టుకొనెను. ఊపిరికై పైకి వచ్చినపుడు 25 మొదలు 37. ఈ ఫలితములు 2019లో ప్రకటితమయ్యెను. కప్పను కోసి తెలిసికొన్న కాలమునుండి, తిమింగిలమునకు నొప్పి కలుగనీయక తెలిసికొను కాలమునకు ఈ విద్య నడిచివచ్చినది.

సోదరీమణులారా! ఇంటి కుక్క ఊరక సొమ్మసిల్లినను, కొద్ది నడకకే రొప్పినను, పశువైద్యునికి చూపుడు. పరీక్ష జరుగునపుడు దాని తలపై మీ చేయి యుంచి చెంత నిలువుడు. పరిచితమైన చేయి దానికి ధైర్యము. కూరతొక్కులను గోవునకు వేయుటకు ముందు ఒక్కమాఱు చేతితో వెదకి, గుండుసూది, తీగె, మేకు లేవని నిశ్చయించుకొనుడు. ఆ ఒక్క క్షణపు శ్రద్ధ చాలు. యంత్రము చూపవలసిన కీడు రాకయే పోవును.