కెమెరాలో ఆ ‘టక్’ ఎక్కడిది?

డీఎస్ఎల్ఆర్ బటన్ నొక్కగానే ‘టక్’మంటుంది. ఎందుకు?

లెన్స్ వెనకే 45 డిగ్రీల వాలుగా ఓ అద్దం ఉంటుంది. లోపలికొచ్చిన వెలుతురును అది పైకి మళ్లిస్తుంది. అక్కడి పట్టకమో, మరికొన్ని అద్దాలో దాన్ని కంటికి చేరుస్తాయి. అంటే వ్యూఫైండర్‌లో కనిపించేది తెర మీది బొమ్మ కాదు, లెన్స్ చూస్తున్న అసలు దృశ్యమే! బటన్ నొక్కితే అద్దం చటుక్కున పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది. ఆ క్షణం వ్యూఫైండర్‌లో చీకటి. చప్పుడు అద్దానిదీ, షట్టర్‌దీ.

ఈ డీఎస్ఎల్ఆర్ ఎవరికి? నేలపట్టు చెరువు మీద ఎగిరే గూడబాతును ఫొటో తీయాలనుకునేవారికి భేషుగ్గా సరిపోతుంది. పొడవాటి టెలిఫోటో లెన్స్ బిగించి, షట్టర్ వేగం సెకనులో 2000వ వంతుకు పెడితే రెక్కల కదలిక కూడా చెదరదు.

సెల్ఫీలకైతే ఫోన్ చాలు. కొత్తగా నేర్చుకునేవారికి మంచి సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ సరిపోతుంది.