మింగడంలో ఇబ్బంది: కారణ నిర్ధారణ, కండర–నాడీ పరీక్షలు, చికిత్స

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మింగే ప్రక్రియలోని మూడు దశలను వివరించగలుగుతారు.
• లక్షణాలను బట్టి లోపం ఏ దశలో ఉండవచ్చో అంచనా వేయగలుగుతారు.
• ఏ పరీక్ష ఏ ప్రశ్నకు సమాధానం ఇస్తుందో తెలుసుకుంటారు.
• చికిత్సా పద్ధతులను, ఆహార జాగ్రత్తలను వివరించగలుగుతారు.

7.1 పరిచయం

భోజనం చేస్తుండగా పొలమారితే, ఎవరో తలచుకుంటున్నారంటూ పెద్దవాళ్లు నెత్తిమీద తట్టడం మన ఇళ్లలో మామూలే. ఎప్పుడో ఒకసారి పొలమారడం ఎవరికైనా సహజం. రోజూ భోజనం దగ్గర ఇదే జరుగుతుంటే మాత్రం గొంతును పరీక్ష చేయించాలి. మింగడంలో కలిగే ఇబ్బందిని వైద్య పరిభాషలో డిస్ఫేజియా అంటారు. ఇది వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి, కండర వ్యాధులు, క్యాన్సర్ వంటి అనేక కారణాల వల్ల ఇది రావచ్చు. అందువల్ల ముద్ద ఎక్కడ ఆగుతున్నది, ఎందుకు ఆగుతున్నది అనే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ప్రశ్నలకు జవాబు దొరికితేనే సరైన చికిత్సను ఎంచుకోగలం.

7.2 మింగే ప్రక్రియ – మూడు దశలు

నోటి దశ: ఆహారాన్ని నమిలి, లాలాజలంతో కలిపి, నాలుకతో ముద్దగా చేసి వెనక్కు నెడతాం. ఇది మన ఇష్టాధీనంలో ఉంటుంది.

గొంతు దశ: ఇది సుమారు ఒక సెకనులో ముగుస్తుంది. ఆ సెకనులోనే మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటిక పైకి, ముందుకు కదులుతుంది. స్వరతంత్రులు దగ్గరవుతాయి. ఉపజిహ్విక వంగి శ్వాసమార్గాన్ని కప్పుతుంది. శ్వాస క్షణంపాటు ఆగుతుంది. అన్నవాహిక పైద్వారం తెరుచుకుంటుంది. గుటక వేస్తూ మెడమీద వేలు పెట్టి చూడండి; స్వరపేటిక పైకి లేవడం మీకే తెలుస్తుంది.

అన్నవాహిక దశ: సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న అన్నవాహిక అలల వంటి సంకోచాలతో ముద్దను జీర్ణాశయంలోకి చేరుస్తుంది.

12 జతల కపాల నాడులలో 5, 7, 9, 10, 12వ జతలు ఈ పనిలో ప్రధాన పాత్ర వహిస్తాయి. వీటిని మెదడు కాండం సమన్వయపరుస్తుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా మింగడం దెబ్బతింటుంది.

7.3 లక్షణాలు చెప్పే కథ

మంచినీళ్లు తాగగానే దగ్గు రావడం, నీళ్లు ముక్కులోకి రావడం, తిన్న తరువాత గొంతు తడిగా, గరగరగా మారడం గొంతు దశలోని లోపాన్ని సూచిస్తాయి. మొదట అన్నం, తరువాత మెత్తటి ఆహారం, చివరకు ద్రవాలు కూడా దిగకపోతే దారి క్రమంగా ఇరుకవుతున్నదని అనుమానించాలి. దీనితోపాటు బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా ఎండోస్కోపీ చేయించాలి. ఘన, ద్రవ పదార్థాలు రెండూ మొదటి నుంచీ ఛాతీలో ఆగుతున్నట్లుంటే అన్నవాహిక కదలికలలో లోపం ఉండవచ్చు.

ఒక ముఖ్య విషయం గమనించండి. ఆహారం ఊపిరితిత్తుల వైపు వెళ్లినప్పుడు అందరికీ దగ్గు రాదు. పక్షవాతం వచ్చినవారిలో గొంతు స్పర్శ తగ్గి, దగ్గు లేకుండానే నీరు శ్వాసనాళంలోకి జారవచ్చు. "మా నాన్నకు దగ్గు రావడం లేదు, బాగానే తాగుతున్నారు" అని ఇంట్లోవారు ధైర్యపడతారు. కొన్ని రోజులకు జ్వరం, న్యుమోనియా వస్తాయి. అందుకే పక్షవాతం వచ్చిన వ్యక్తికి మింగే పరీక్ష జరిగేవరకు నోటితో ఏమీ, మంచినీళ్లయినా సరే, ఇవ్వకూడదు.

7.4 పరీక్షలు

ఎ) మింగే తీరును చూసే పరీక్షలు: మొదట మంచం దగ్గరే కొద్ది కొద్దిగా నీరు తాగించి పరిశీలిస్తారు. దగ్గు రాని ప్రమాదాన్ని ఇది పూర్తిగా పట్టుకోలేదు. బేరియం కలిపిన ఆహారం మింగుతుండగా కదిలే ఎక్స్‌రే చిత్రాలు తీసే వీడియోఫ్లోరోస్కోపీ, ముక్కు ద్వారా సన్నని కెమెరా గొట్టం పంపి గొంతును చూసే పరీక్ష దాన్ని బయటపెడతాయి. అన్నవాహికలోని ఒత్తిడులను మానోమెట్రీతో కొలుస్తారు.

బి) కండర–నాడీ పరీక్షలు: పై పరీక్షలు ఎక్కడ లోపముందో చూపుతాయి. ఎందుకు అన్నది తేలనప్పుడు ఇవి తోడ్పడతాయి. ఎలక్ట్రోమయోగ్రఫీలో సన్నని సూదిని కండరంలోకి గుచ్చి, విశ్రాంతిలోనూ సంకోచంలోనూ విద్యుత్ సంకేతాలను నమోదు చేస్తారు. అవసరమైతే నాలుకను కూడా పరీక్షిస్తారు. కండరమే దెబ్బతింటే సంకేతాలు సాధారణంగా చిన్నవిగా, తక్కువ వ్యవధితో ఉంటాయి. నాడి దెబ్బతిని చాలాకాలమైతే అవి పెద్దవిగా మారతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకామె ఉదయం ఇడ్లీ సులువుగా తింటుంది. రాత్రి భోజనం సగంలోనే దవడలు అలసిపోతాయి, మాట ముక్కుతో వస్తుంది, రెప్పలు వాలిపోతాయి. ఇక్కడ నాడికీ కండరానికీ మధ్య సంధి బలహీనపడే మయస్థీనియా గ్రావిస్‌ను అనుమానించాలి. నాడిని సెకనుకు 2 లేదా 3 సార్లు ప్రేరేపించినప్పుడు కండర స్పందన 10 శాతానికి మించి తగ్గితే అనుమానం బలపడుతుంది. రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష కూడా చేస్తారు.

7.5 చికిత్స

కారణానికి చికిత్స: మయస్థీనియాకు పిరిడోస్టిగ్మిన్ వంటి మందులు ఇస్తారు. భోజన సమయానికి మందు పనిచేసేలా వేళలు నిర్ణయిస్తారు. ఇరుకైన అన్నవాహికను వెడల్పు చేస్తారు. కింది ద్వారం సడలని అకలేజియాలో బెలూన్ చికిత్స గానీ కండరాన్ని కోసే శస్త్రచికిత్స గానీ చేస్తారు.

మింగే శిక్షణ: వాక్–మింగుడు చికిత్సకులు నాలుక వ్యాయామాలు, బలంగా గుటక వేయడం, గడ్డం ఛాతీవైపు వంచి మింగడం వంటివి నేర్పుతారు. ఒకరికి మేలు చేసిన భంగిమ మరొకరికి హాని చేయవచ్చు. పరీక్షలో చూసి నిర్ణయించాలి.

ఆహారం: చారన్నం, పలుచని మజ్జిగన్నం సులువని అనుకుంటాం. నిజానికి ద్రవం, మెతుకు కలిసి ఉండటం వల్ల గొంతు దశ లోపం ఉన్నవారికి అవి కష్టం. మెత్తగా, ఒకే చిక్కదనంతో ఉన్న ఆహారం నయం. పొడిపొడిగా రాలే మరమరాలు, అటుకులు మానాలి. ద్రవాలను ఎంత చిక్కగా చేయాలో చికిత్సకులే చెప్పాలి. చిక్కటి ద్రవాలు ఇష్టపడక నీరు తక్కువ తాగేవారున్నారు, గమనించాలి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, తిన్నాక అరగంట పడుకోనీయకూడదు. నోటి శుభ్రత న్యుమోనియా ముప్పును తగ్గిస్తుంది.

గొట్టం ద్వారా ఆహారం: నోటితో సరిపడా తినలేనప్పుడు ముక్కు గొట్టం, ఎక్కువ కాలం అవసరమైతే పొట్టలోకి నేరుగా గొట్టం అమరుస్తారు. గొట్టం వేశారంటే ఆశ వదులుకున్నట్లు కాదు. పక్షవాతం తరువాత చాలామందిలో మింగే శక్తి కొన్ని వారాలలో మెరుగుపడుతుంది. అప్పుడు మళ్లీ పరీక్షించి గొట్టం తీసివేయవచ్చు.

7.6 సారాంశం

మింగడం నోరు, గొంతు, అన్నవాహిక కలిసి చేసే పని. లక్షణాలు లోపం ఉన్న చోటును సూచిస్తాయి. కెమెరా, ఎక్స్‌రే పరీక్షలు దాన్ని నిర్ధారిస్తాయి. కండర–నాడీ పరీక్షలు కారణం వైపు దారి చూపుతాయి. దగ్గు లేనంత మాత్రాన మింగడం సురక్షితమని భావించరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గొంతు దశలో శ్వాసమార్గానికి రక్షణ ఎలా లభిస్తుంది?
2. సాయంత్రానికి మింగడం కష్టమయ్యే రోగికి ఏ నాడీ పరీక్ష ఉపయోగపడుతుంది? ఎందుకు?
3. పక్షవాతం వచ్చిన బంధువుకు మంచినీళ్లు పట్టబోతున్న కుటుంబ సభ్యునికి మీరు ఏమి చెబుతారు?