చదివిన చదువు వెంట వస్తుందా?

ఒక కాలేజీలో సంపాదించిన క్రెడిట్లను మరో యూనివర్సిటీ తన డిగ్రీలో కలుపుకోవడమే క్రెడిట్ల బదిలీ. అమెరికాలో ఇది బాగా నలిగిన దారి. అక్కడ రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఫీజుతో 60 క్రెడిట్ల దాకా తెచ్చుకుని, యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరతారు. సుమారు 120 పూర్తయితే డిగ్రీ.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు దీనికి దగ్గరి దారి పాలిటెక్నిక్. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష. అందులో 200 ప్రశ్నలుంటాయి: లెక్కలు 50, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 25, సొంత బ్రాంచి మీద 100. ర్యాంకు వస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా సీటు. ఇక్కడ పేపరు పేపరుకూ లెక్కలు చూడరు, డిప్లొమా మొత్తానికి ఒక ఏడాది మినహాయిస్తారు. ఈ దారి సాఫీగా సాగడానికి కారణం అదే.

చిక్కంతా మామూలు డిగ్రీతోనే. అక్కడ ఒకచోట చదివిన చదువును మరో యూనివర్సిటీ గుర్తించాలి. చదువుకు యూనివర్సిటీ గుర్తింపు ఎంత ముఖ్యమో మదనపల్లెకు వందేళ్ల కిందటే తెలిసింది. అనిబీసెంట్ 1915లో స్థాపించిన కాలేజీకి హోంరూల్ ఉద్యమ కాలంలో, 1917లో, మద్రాసు విశ్వవిద్యాలయ అనుబంధం పోయింది. అది అడయారులోని నేషనల్ యూనివర్సిటీ గొడుగు కిందికి చేరింది. దానికి కులపతి రవీంద్రనాథ్ ఠాగూర్. ఎంత గొప్పవారు వెనకున్నా, సర్కారు గుర్తింపు లేని పట్టాతో విద్యార్థికి తిప్పలు తప్పవు.

కాలేజీ మారేవారికి ఇప్పుడు క్రెడిట్లు దాచుకునే ఏర్పాటు ఉంది. 2021 జులైలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. విద్యార్థికి ఇచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య ‘అపార్’ కింద కాలేజీ క్రెడిట్లు జమ చేస్తుంది, డిజిలాకర్‌లో చూసుకోవచ్చు. అవి సాధారణంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. పెళ్లయి కోలారు వైపు వెళ్లిన అమ్మాయికైనా, బెంగళూరులో పని దొరికి చదువు ఆపేసిన అబ్బాయికైనా ఇది నిజంగా వరమే.

అయితే బ్యాంకు దాచిపెడుతుంది, అంతే. కలుపుకోవాలా వద్దా అన్నది చేర్చుకునే యూనివర్సిటీ ఇష్టం. ముందు సీటు ఖాళీ ఉండాలి. తర్వాత సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక జువాలజీ పేపరుకు మూడు క్రెడిట్ల పాఠం, ఒక క్రెడిట్ ల్యాబ్ అనుకుంటే 45 గంటల పాఠం, 30 గంటల ల్యాబ్. అవతలి చోట అదే పేరుతో ఉన్న పేపర్లో వేరే యూనిట్లు ఉంటే ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆ పేపరు మళ్లీ రాయాలి. మార్కుల మెమోలో పేపరు పేరే ఉంటుంది, లోపల ఏం చెప్పారో ఉండదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కాబట్టి కాలేజీ మారదలచినవారు ముందుగా చదివిన ప్రతి పేపరు సిలబస్‌పై ప్రిన్సిపాల్ ముద్ర వేయించుకోవాలి. అన్ని సెమిస్టర్ల క్రెడిట్లూ జమయ్యాయో లేదో చూసుకోవాలి. ఏ పేపర్లు ఒప్పుకుంటారో, ఏవి మళ్లీ రాయాలో అవతలి యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా టీసీ మాత్రం తీసుకోవద్దు.